ముందు తాను నడిచినవాడు: దోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం

హోసూరు నుండి బెంగళూరుకు సాగే రహదారిపై అత్తిబెలె సరిహద్దు దాటి, చందాపుర, బొమ్మసంద్రలను వెనుక వదిలి ముందుకు సాగితే హెబ్బగోడి వస్తుంది. ఒకప్పుడు ఆనేకల్ తాలూకాలోని ఒక పల్లె. నేడు కర్మాగారాల నడుమ పెరిగిన పట్టణం. కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల నుండి, హోసూరు, బేరికై, వేపనపల్లి చుట్టుపక్కల తెలుగు పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు ఉపాధిని వెదుక్కుంటూ ఈ దారి పట్టాయి. ఇంటిలో తెలుగు, సంతలో కన్నడం, పక్కింటివారితో తమిళం మాట్లాడుకుంటూ బ్రతకడం ఇక్కడివారికి అలవాటైన విద్య.

అలా వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఆదివారం ఆరాధనకు వెళ్ళడమా, అదనపు కూలి వచ్చే షిఫ్టుకు వెళ్ళడమా అన్నది వారిని తరచుగా ఎదుర్కొనే ప్రశ్న. కుమారుని వివాహానికి కట్నం తీసుకోవడమా, మానడమా అన్నది మరొక ప్రశ్న. దేవుని యెదుట అందరూ సమానమని పాడిన నోటితోనే సంబంధాల దగ్గర కులం అడగవచ్చునా అన్నది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. విశ్వాసానికి మొదటి స్థానం ఇస్తున్నామని చెప్పడం సులభం. ఆ స్థానం నిజంగా ఎక్కడ ఉన్నదో ఇటువంటి సందర్భాలలోనే బయటపడుతుంది.

ఈ ప్రశ్నలన్నిటినీ నూరేళ్ళకు పూర్వమే తన జీవితంలో ఎదుర్కొన్న వ్యక్తి ఒకరున్నారు. ఆయన తమిళుడు. ముప్పది అయిదవ యేట తన భాషను, తన ప్రాంతాన్ని విడిచి తెలుగు పల్లెలకు వచ్చి, తెలుగు నేర్చి, తెలుగువారి మధ్యనే కన్నుమూసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. మూడు భాషల సరిహద్దులో జీవించే మన పాఠకులకు ఆయన కథ చాలా దగ్గరగా తోస్తుందని మా నమ్మకం.

పల్లె గురువు ఇంట

అజరయ్య 1874 ఆగస్టు 17న నాటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం ఆంగ్లికన్ సంఘంలో పల్లె గురువు. ఆయన విద్యార్థి దశలోనే క్రైస్తవ మతాన్ని స్వీకరించిన వారు. తల్లి ఎలెన్. వారిది నాడార్ కుటుంబం. ఆ కాలపు తిరునల్వేలిలో నాడార్లను అగ్రవర్ణాలవారు తక్కువగా చూసేవారు. కనుక కులం మనిషిని ఎంత నొప్పిస్తుందో అజరయ్యకు ఒకరు చెప్పనక్కరలేదు.

చాలా కాలం ఎదురుచూసిన పిమ్మట పుట్టిన కుమారుడు కావడం వలన తల్లిదండ్రులు బైబిలులోని హన్నా కథను తలచుకొని శామ్యూలు అని పేరు పెట్టుకొన్నారు. 1889లో తండ్రి మరణించారు. అప్పటికి బాలునికి పదునాలుగు పదిహేనేళ్ళు. ఆ తరువాత తల్లియే ఆయనకు దిక్కు. భక్తిలోను, క్రమశిక్షణలోను ఆమె పట్టుదల గలది. ఆమె పెంపకపు ముద్ర కుమారుని జీవితంలో చివరివరకు కనిపిస్తుంది.

పై చదువుల కోసం ఆయన మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. సేలం వాసి అయిన కె.టి. పాల్‌తో పరిచయం, తరువాతి కాలంలో ఇద్దరినీ ఒకే కార్యంలో నిలిపిన స్నేహం ఆ మద్రాసు జీవితం ఇచ్చినవే. 1895లో అజరయ్య కళాశాల విడిచారు గాని చేతిలో పట్టా లేదు. పట్టా ఉంటే ప్రభుత్వ కొలువు దొరికే రోజులవి. పేద ఇంటి నుండి వచ్చిన యువకునికి అది చిన్న విషయం కాదు. అయినా ఆయన తిరిగి పరీక్ష వ్రాసే ప్రయత్నం చేయక, వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా యువజనుల మధ్య పనికి పూనుకొన్నారు. అదే వ్యక్తిని 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. విడిచిపెట్టినది మరొక రూపంలో తిరిగి వస్తుందని 1895లో ఆయనకు తెలియదు. తెలియకుండానే విడిచారు.

కట్నం లేని వివాహం

1898లో అజరయ్యకు అన్బు మరియమ్మాళ్‌తో వివాహమైంది. దక్షిణ భారతదేశంలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెళ్ళికి ఆయన కట్నం తీసుకొనలేదు. తిరునల్వేలి క్రైస్తవులలో కట్నం అప్పటికి పాతుకొనిపోయిన ఆచారం. గురువుల ఇళ్ళలోను అది మామూలే. చదువుకొన్న వరునికి ఎంత వస్తుందో లెక్క కట్టే లోకం అది. ఆ లెక్కను ఆయన తన ఇంటి గుమ్మం దగ్గరే ఆపివేశారు.

ఈ సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆయన జీవితమంతా సాగిన ఒక పద్ధతి ఇక్కడ మొదలైనది. ఇతరులకు ఏది చెప్పదలచుకొన్నారో దానిని ముందు తానే చేయడం ఆ పద్ధతి. తరువాతి కాలంలో పల్లె సంఘాలకు పెళ్ళి ఖర్చులను గురించి, అప్పులను గురించి బోధించే అధికారం ఆయనకు ఇక్కడి నుండియే వచ్చింది.

యాళ్పాణంలో కలిగిన సిగ్గు

వై.ఎం.సి.ఎ. పనిలో భాగంగా ఆయన దక్షిణాది అంతటా తిరిగారు. అమెరికా నుండి 1896లో వచ్చిన షెర్వుడ్ ఎడ్డీతో గాఢమైన స్నేహం కుదిరింది. తెల్లవాడు, నల్లవాడు ఒకే బల్ల వద్ద కూర్చోవడం అరుదైన ఆ కాలంలో వారిద్దరు కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు.

1902లో అజరయ్య సింహళంలోని యాళ్పాణానికి, అనగా జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సముద్రం దాటించి సువార్త పనికి పంపుతున్నారని చూశారు. సంఖ్యలో ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం అటువంటి పని ఏదీ చేయలేదు. విదేశీ మిషనరీలు తెచ్చినది అందుకోవడమే తప్ప, తామే మరొకరికి ఇవ్వవలసి ఉన్నదన్న తలంపు వారికి రాలేదు. అజరయ్యను ఆ తలంపు వదలలేదు.

మరుసటి సంవత్సరమే, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోట్టైలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని నియమం స్పష్టమైనది. డబ్బు భారతీయులది, మనుషులు భారతీయులు, నిర్వహణ భారతీయులది. పని చేయడానికి వారు ఎంచుకొన్న స్థలం నిజాము రాజ్యంలోని తెలుగు ప్రాంతం దోర్నకల్. నేడు అది తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. సింగరేణి బొగ్గు గనుల వైపు చీలే రైలు మార్గం అక్కడ మొదలవుతుంది. చుట్టూ అడవులు, పేద పల్లెలు, చదువు ఎరుగని జనం. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే తమిళుడు తొలి మిషనరీగా అక్కడికి చేరుకొన్నారు.

1905 డిసెంబరు 25న బెంగాలులోని శ్రీరాంపురంలో, విలియం కేరీ పేరుతో ముడిపడిన గ్రంథాలయంలో, దేశవ్యాప్తంగా పనిచేయడానికి నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపితమైనది. దాని స్థాపకులలోను అజరయ్య, కె.టి. పాల్ ఉన్నారు. 1907లో జపానులోని టోక్యోలో జరిగిన విద్యార్థుల ప్రపంచ మహాసభకు ఆయన వెళ్ళారు. ముప్పది మూడేళ్ళు నిండీ నిండకముందే ఆయన పేరు దేశం దాటింది. మద్రాసులో ఉండి సంస్థలను నడుపుతూ, ఉపన్యాసాలిస్తూ గౌరవంగా జీవితం గడపవచ్చును. అందరూ అలాగే అనుకొన్నారు.

తెలుగు నేల మీదికి

అక్కడే ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. ఊరూరా తిరిగి యువకులను పల్లెలకు వెళ్ళమని చెప్పుచున్నాను. మరి నేను ఎందుకు వెళ్ళలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మరొకరిని పంపడం ఆయన మనస్సుకు ఒప్పలేదు.

1909లో ఆయన వై.ఎం.సి.ఎ. పదవిని విడిచారు. ఆ సంవత్సరంలోనే గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటికి వయస్సు ముప్పది అయిదు. తమిళం మాతృభాష, ఆంగ్లంలో మంచి వక్త. కాని దోర్నకల్ పల్లెలలో ఈ రెండూ పనికిరావు. అక్షరాలు దిద్దుకొనే పిల్లవానివలె తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. పరభాషలో తడబడుతూ మాట్లాడేటప్పుడు ఎదుటివారు నవ్వితే ఎలా ఉంటుందో మన సరిహద్దు కుటుంబాలకు తెలుసు. బెంగళూరు వచ్చిన తొలి దినాలలో కన్నడం రాక అంగడి దగ్గర నిలబడిపోయిన వారు మనలో ఎందరు లేరు! పేరు ప్రతిష్ఠలు సంపాదించుకొన్న మనిషి తానుగా ఆ స్థితిని కోరి తెచ్చుకొన్నాడు. ఆ తెలుగులోనే ఆయన ఇక ముప్పది అయిదేళ్ళు బోధించారు.

స్నేహితులు కావాలి

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. హాజరైనవారిలో అత్యధికులు ఐరోపా, అమెరికా దేశాలవారు. ఆసియా నుండి వెళ్ళిన కొద్దిమందిలో అజరయ్య ఒకరు. విదేశీ మిషనరీలకు, స్వదేశీ పనివారికి మధ్య సంబంధాలను గురించి మాట్లాడవలసిన పని ఆయనకు పడింది.

ఆయన మెత్తని మాటలతో సరిపెట్టలేదు. మిషనరీలు భారతీయ సంఘం కోసం చేసిన త్యాగాలను తలచుకొన్నారు, కృతజ్ఞత చెప్పారు. ఆ పిమ్మట, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా భారతీయుని ఇంటికి పిలిచి భోజనం పెట్టని మిషనరీలున్నారన్న చేదు నిజాన్ని వారి ముఖం మీదనే చెప్పారు. దానధర్మాలు చాలునని, తమకు కావలసినది స్నేహమని కోరి ముగించారు. సభ కలవరపడింది. కొందరికి కోపం వచ్చింది. సంఘంలో పెద్ద పదవులు విదేశీయుల చేతిలోనే ఉండిన కాలమది. ఆంగ్లేయుల రాజ్యంలో ఒక పల్లె గురువు అలా మాట్లాడటం ఎంత సాహసమో నేడు ఊహించుకోవడం కష్టం. నూరేళ్ళు దాటినా ఆ సభను గురించి వ్రాసేవారు ఆయన ప్రసంగాన్ని తలవకుండా ఉండరు.

బిషప్పు పదవి

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ చాలా కాలంగా అజరయ్యను గమనించుచున్నారు. దోర్నకల్‌కు భారతీయుడైన బిషప్పు ఉండాలని ఆయన పట్టుబట్టారు. వ్యతిరేకత రెండు వైపుల నుండి వచ్చింది. ఆంగ్లేయ మిషనరీలు ఒక భారతీయుని చేతి క్రింద పనిచేయడానికి జంకారు. కొందరు భారతీయ క్రైస్తవులకు నాడార్ కులస్థుడు తమపై అధికారి కావడం రుచించలేదు. దేవుని ఇంటిలో కూడ కులం ఎంత లోతుగా వేళ్ళూనినదో ఆ వ్యతిరేకత చూపింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1945లో ఆయన మరణించేవరకు ఆ సంఘంలో ఒక డయాసిస్‌కు పూర్తి బాధ్యత వహించిన ఏకైక భారతీయ బిషప్పు కూడ ఆయనే. ముప్పది రెండేళ్ళలో రెండవవానికి ఆ తలుపు తెరచుకోలేదన్నది గమనించదగిన విషయం.

మొదట ఆయన డయాసిస్ చాలా చిన్నది. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల నుండి కర్నూలు, కడప జిల్లాల వరకు ఉన్న ఆంగ్లికన్ తెలుగు సంఘాలు దానిలో చేరాయి. అనగా నంద్యాల వైపు రాయలసీమ పల్లెలకు కూడ ఆయనే బిషప్పు. అధికారం పెరిగింది గాని తీరు మారలేదు. ఎద్దుల బండిలో, డేరా సామానుతో పల్లె నుండి పల్లెకు ప్రయాణం. చెట్టు క్రింద సభ. కూలివారు పొలం నుండి తిరిగి వచ్చిన పిమ్మట, దీపాల వెలుగులో ఆరాధన. ఆదివారం పగలు సెలవు దొరకని పేదల కోసం సంఘమే వారి వేళకు వంగింది. షిఫ్టులతో సతమతమయ్యే మన హెబ్బగోడి కుటుంబాలు ఈ సంగతిని గుర్తుంచుకోదగును. విశ్వాసం మొదటిదైతే, దానికి వేళ కల్పించుకొనే మార్గం పేదవాడికొక్కడికే విడిచిపెట్టరాదని, ఆ భారం సంఘం కూడ మోయాలని దోర్నకల్ పద్ధతి చూపింది.

మాలపల్లె, మాదిగపల్లె

దోర్నకల్ సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి వెలుపల బ్రతికిన వారు. గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టడం, చచ్చిన పశువులను మోయడం వంటి పనులు వారికి తరతరాల కట్టుబాట్లు. క్రైస్తవులైన పిమ్మట ఆ పనులకు రామన్నవారు భూస్వాముల ఆగ్రహానికి గురి అయ్యేవారు. కూలి పోయేది, అప్పు పుట్టేది కాదు. వారికి విశ్వాసం మొదటి స్థానంలో ఉండటమంటే రేపటి గంజిని పణంగా పెట్టడమే.

అజరయ్య వారిని జాలితో చూసి ఊరకుండలేదు. వారి నుండి చాలా కోరారు. కల్లు, సారా మానాలి. చచ్చిన పశుమాంసం తినరాదు. బాల్యవివాహాలు కూడవు. బిడ్డలను బడికి పంపాలి. అన్నిటికంటె కష్టమైనది మరొకటి ఉన్నది. మాలలు, మాదిగలు తమలో తాము పాటించే అంటు మానాలి. ఒకే పాత్రలోని ద్రాక్షారసాన్ని, ఒకే రొట్టెను పంచుకోవాలి. ఊరివారు తమను దూరం ఉంచుతున్నారని బాధపడేవారు తమకంటె తక్కువవారని తలచినవారిని దూరం ఉంచుతుంటే ఆ బాధకు అర్థమేమిటన్నది ఆయన వాదన.

ఈ విషయంలో ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేము. పల్లెలలో ఒక పాలెం వారు ఆలయానికి వస్తే రెండవవారు రాకపోవడం ఆయన కాలంలోను జరిగింది. ఆ గీత నేటికీ చాలా చోట్ల చెరిగిపోలేదు. కాని ఆయన దానిని ఆచారమని సర్దుకొనలేదు, పాపమని చెప్పారు. భార్య అన్బు ఇందులో ఆయనకు కుడిభుజం. స్త్రీలను కూడగట్టి, వారికి చదువు, శుభ్రత, శిశుపోషణ నేర్పుతూ, పంక్తి భోజనాల దగ్గర కులభేదాన్ని కరగించడానికి ఆమె కృషి చేశారు. వంటయింటిలో మారనిది వీధిలో మారదని వారిద్దరికీ తెలుసు.

దోర్నకల్‌లో ఉపదేశులకు, గురువులకు శిక్షణశాల నెలకొన్నది. బాలబాలికలకు పాఠశాలలు వెలిశాయి. చేతిపనులు, వ్యవసాయం నేర్పే ఏర్పాట్లు జరిగాయి. బాప్తిస్మము పొందిన ప్రతి ఒక్కరు, చదువు రానివారైనా సరే, తాము తెలుసుకొన్నదానిని పొరుగువారికి చెప్పే బాధ్యత వహించాలని ఆయన నియమం. బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తల మీదనే పెట్టించి ఆ బాధ్యతను వారి నోటనే పలికించేవారు. 1940 దశకం నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. జీతం తీసుకొనే కొద్దిమంది బోధకుల వల్లనే ఇది జరగలేదు. కూలినాలి చేసుకొనేవారు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పుకొన్న మాటల ద్వారా జరిగింది.

పిడికెడు బియ్యం

పేదలు ఇవ్వలేరు, వారికి ఇవ్వవలసినదే అన్న అభిప్రాయాన్ని అజరయ్య అంగీకరించలేదు. ఇవ్వడానికి ఏమీ లేదని ఒక మనిషికి చెప్పడమంటే అతని గౌరవాన్ని తీసివేయడమేనని ఆయన భావన. కనుక వంట చేసే ప్రతి పూట స్త్రీలు ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, వారాంతాన ఆలయానికి తెచ్చే అలవాటు పల్లె సంఘాలలో పాదుకొన్నది. కోతపండుగలలో ధాన్యపు గింజలు, కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు, చేతితో అల్లిన చాపలు కానుకలుగా వచ్చేవి. రూపాయి చూడని ఇంటివారు కూడ వట్టి చేతులతో రాలేదు. ఈ విషయంపై ఆయన ఆంగ్లంలో వ్రాసిన పుస్తకం పలు భాషలలోకి వెళ్ళింది.

ఈ స్వభావానికి రాతి రూపమే దోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయం. ధనం చాలక, ఆగుతూ సాగుతూ రెండు దశాబ్దాలకు పైగా నిర్మాణం జరిగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు, మినార్లు మసీదును, చెక్కిన స్తంభాల వరుసలు హిందూ దేవాలయ మండపాన్ని తలపిస్తాయి. లోపల పూజింపబడేది క్రీస్తు. క్రైస్తవుడు కావడానికి తన దేశపు అందాన్ని విడిచిపెట్టనవసరం లేదని ఆ కట్టడం చెప్పుచున్నది. ఆరాధనలలో తెలుగు కీర్తనలకు, మన వాద్యాలకు, కథా ప్రదర్శనలకు ఆయన చోటిచ్చారు.

గాంధీజీతో భేదం

1930 దశకంలో అజరయ్య మరొక కఠిన పరీక్షను ఎదుర్కొన్నారు. దళితులు గుంపులుగా క్రైస్తవులు కావడాన్ని గాంధీజీ బహిరంగంగా విమర్శించారు. చదువు లేని పేదలు ప్రలోభాలకు లోనై మతం మారుతున్నారని, వారికి ఆధ్యాత్మిక విచక్షణ లేదని గాంధీజీ అభిప్రాయం. దేశమంతా గాంధీజీ మాటను శిరసావహించే రోజులవి. అజరయ్య వెనుకకు తగ్గలేదు. పేదవానికి ఆకలి మాత్రమే ఉంటుందని, ఆత్మ ఉండదని అనుకోవడం న్యాయం కాదని, తన మతాన్ని తాను ఎంచుకొనే హక్కు అతనికీ ఉన్నదని ఆయన వాదించారు.

అంతమాత్రాన ఆయన దేశానికి విముఖుడు కాడు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు, అది తన సంఘానికి లాభమైనా, ఆయన దానిని వ్యతిరేకించారు. క్రైస్తవులు ఇతర దేశవాసుల నుండి విడిపోయి ఒక ప్రత్యేక వర్గం కారాదని ఆయన తలంపు. విశ్వాసానికి మొదటి స్థానం ఇవ్వడమంటే తనవారికి లాభం సంపాదించడమని ఆయన ఎన్నడూ అనుకొనలేదు. గాంధీజీని గౌరవించి గాంధీజీతో విభేదించడం, ప్రభుత్వ అనుగ్రహం ఉండగా ఆ అనుగ్రహాన్ని కాదనడం రెండూ ఆయనకు చేతనైనవి. ఆయన నిర్ణయాలు అన్నీ నేటి విమర్శకులకు నచ్చవు. బ్రిటిషు వ్యవస్థ నీడలో పనిచేశారన్న విమర్శ ఉన్నది. కాని తన లాభం కోసం మాట మార్చారని ఎవరూ చెప్పలేరు.

చూడని ఫలము

పల్లెలలో తిరిగేటప్పుడు ఆయనను ఎక్కువగా బాధించినది క్రైస్తవులలోని చీలికలు. ఒక ఊరిలో ఆంగ్లికనులు, పక్క ఊరిలో బాప్టిస్టులు, మరొక ఊరిలో లూథరనులు. కులాలను విడిచిరమ్మని పిలిచి, వచ్చినవారికి విదేశాల నుండి దిగుమతి చేసిన కొత్త విభేదాలను అంటగట్టడం ఆయనకు సిగ్గుచేటుగా తోచింది. 1919 మే మాసంలో తరంగంబాడిలో భారతీయ గురువులు సమావేశమై సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. ముప్పది మూడుమందిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. అజరయ్య వారికి నాయకుడు. ఆ తరువాత పాతికేళ్ళు కమిటీలు, చర్చలు, అడ్డంకులు, నిరాశలు. 1927లో లోసాన్‌లో, 1938లో తాంబరంలో జరిగిన ప్రపంచ సభలలోను ఆయన ఇదే మాట చెప్పారు. 1929 నుండి చివరివరకు భారత జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షత వహించారు.

1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. పల్లెల పర్యటన నుండి జ్వరంతో తిరిగివచ్చిన కొద్ది దినాలకే అది జరిగింది. ఐక్యతను ఆయన చూడలేదు. రెండు సంవత్సరాల తొమ్మిది నెలల పిమ్మట, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అనగా సి.ఎస్.ఐ., అవతరించింది. నేడు బెంగళూరులో గాని, హోసూరులో గాని, చిత్తూరులో గాని సి.ఎస్.ఐ. ఆలయంలో అడుగుపెట్టే తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఆయన నాటిన చెట్టు నీడలోనే కూర్చుంటున్నాయి. చాలామందికి ఆ పేరు తెలియదు.

ఆయన సమాధి దోర్నకల్‌లో, తాను కట్టించిన దేవాలయం చెంతనే ఉన్నది. ప్రతి సంవత్సరం జనవరి 2న ఆంగ్లికన్ సంఘాలు ఆయనను జ్ఞాపకం చేసుకొంటాయి. తిరునల్వేలిలో పుట్టిన మనిషి తెలుగు నేలలో విశ్రమించాడు.

హెబ్బగోడిలో రాత్రి షిఫ్టు ముగించుకొని ఆదివారం తెల్లవారుజామున గదికి చేరే యువకునికి, కూతురి పెళ్ళి మాటలకు కూర్చున్న తండ్రికి, వేరే పాలెం నుండి వచ్చిన కోడలిని వంటయింటిలోకి పిలవవలసిన అత్తకు అజరయ్య జీవితం ఏదో పెద్ద ఉపదేశం చేయదు. ఆయన పట్టా విడిచారు, కట్నం విడిచారు, మద్రాసు విడిచారు, భాష మార్చుకొన్నారు, ఆ తరువాతనే ఇతరులను అడిగారు. మన ఇళ్ళలోను పిల్లలకు, కోడళ్ళకు, పనివారికి ఏదైనా చెప్పబోయే ముందు ఆ వరుసను ఒక్కసారి తలచుకొంటే చాలును.